మందుల బండికి కందెన

డ్యూటీలో చేరింది రెంటచింతలలో, నడివేసవిలో. నాకు తుపాకి ఇవ్వలేదు. బకెట్టు, చీపురు, వంటసామాను ఇచ్చారు. ఊరూరా తిరిగే మందుల బండికి ఆయాని. ముందు జీపు, వెనక రేకుగది లాంటి ట్రైలరు. నర్సమ్మ, నేను, పట్టాళంలో చేసొచ్చిన డ్రైవరు. ఆయన మాటే ఆర్డరు.

"చూడక్కా," అన్నాడు మొదటిరోజే. "జీపు బ్యాటరీ నుంచి ట్రైలరు దీపానికి కరెంటు ఈ వైరులో పోద్ది. తిరిగొచ్చేది ఈ కొక్కెం గుండా. ఇనుముకు ఇనుము తగలాల, నడుమ ఏదన్నా అడ్డమొస్తే దీపం ఆరిపోద్ది. ముట్టబాకు."

"ముడితే జీతం పెంచుతారా ఏంది," అన్నాను.

ఒకనాడు పొద్దుగూకే వేళ ఓ రైతు నొప్పులు పడుతున్న కూతుర్ని ట్రైలరులో ఎక్కించాడు. గురజాల ఆసుపత్రికి పోవాలంది నర్సమ్మ. మా వైపు గడపలోకొచ్చిన బండిని ఇరుసుకు కందెన పెట్టకుండా పంపరు. ఆ రైతు గోనెపీలికను ఆముదపు కందెనలో ముంచి కొక్కెం సందులో దట్టించి, తను జీపెక్కాడు. జీపు కదలగానే ట్రైలరు రింగు దాని మీద కూర్చుంది.

ఊరు దాటాక ట్రైలరులో దీపం ఆరింది. బండి ఆగింది.

"ఇంక కదిలించబాకండి, బిడ్డ తల కనపడతాంది," అని నర్సమ్మ కేకేసింది. లోపల స్పిరిటు ఉంది. లాంతరు పెట్టకూడదు.

డ్రైవరు వంగి చూశాడు. "ఎవరు పెట్టారిది?"

"నేనే," అన్నాడు రైతు, మెచ్చుకుంటారనుకుని. "కీచుమనకుండా పోద్ది."

"కీచుమంటే మేం పడేవాళ్లం గదా బాబాయ్. ఇప్పుడు నీ కూతురు చీకట్లో పడింది," అన్నాను.

పీలిక లాగాలంటే కొక్కెం విప్పాలి, విప్పితే ట్రైలరు వాలిపోతుంది. నా ఇనప అట్లకాడ తెచ్చిచ్చాను. "వంకర పోతే కొత్తది నువ్వే తేవాల," అన్నాను డ్రైవరుతో.

అట్లకాడ ఒక కొస జీపు బోల్టుకు, రెండోది ట్రైలరు కడ్డీకి నాచేత నొక్కిపెట్టించాడు. దీపం వెలిగింది. "అట్టే పట్టుకో. ఆర్డరు."

రైతు వెక్కుతున్నాడు. "ఏడవబాకు బాబాయ్, ముందు ఆ కందెన చేతులు తుడుచుకో," అని అటు తిరిగాను. దీపం పోయింది.

"లైటు," అంది నర్సమ్మ.

"నోరు మూసుకుని పట్టుకో అక్కా," అన్నాడు డ్రైవరు.

"నోటితో పట్టుకున్నానా ఏంది?" అనేసరికి మళ్లీ పోయింది. లోపల ఆ పిల్ల అరిచింది. అప్పుడు భయం పుట్టింది నాకు. దోమలు కుడుతున్నా బిగుసుకుపోయాను.

ఎండలు తగ్గాక డ్యూటీ ముగించి మా ఊరు నరసరావుపేట తిరిగొచ్చాను. ఎన్ని మరిచినా ఒకటి మాత్రం కళ్ల ముందే ఉంటుంది. ఆ రాత్రి ట్రైలరు కిటికీ వెలుతురు రోడ్డు మీద చదరంగా పడింది. అందులో నర్సమ్మ నీడ. ఆమె చేతిలో తలకిందులుగా ఓ చిన్న నీడ. ఏడుపు లేదు. అట్లకాడ కదలనివ్వలేదు నేను. చిన్న నీడ కాళ్లు విదిలించింది.