గొంతులో సూది

మద్దిలపాలెంలో బస్సెక్కి నా పక్కన కూర్చున్న పెద్దాయన, "గోపాలపట్నం ఎల్తాదా బాబూ?" అని అడిగాడు. ఎవరో గొంతు నొక్కుతున్నట్టు మాట తెగి తెగి వచ్చింది. పొద్దున్నే తాగాడనుకున్నాను. జవాబివ్వకుండా లేచి, "ఇతను తాగున్నాడు, దింపెయ్యండి" అని కండక్టర్‌తో గట్టిగా చెప్పాను. బస్సంతా ఆయన వైపు తిరిగింది.

ఆయన సంచిలోంచి ఆసుపత్రి చీటీ తీసి కండక్టర్‌కి ఇచ్చాడు.

"తాగలేదు బాబూ. రేవులో సేపలు వేలం ఏత్తాను. గొంతు బిగుసుకుపోతంది. బొటాక్స్ సూదేత్తే మూడు నెల్లు మాటొత్తాది, మళ్ళీ పోద్ది. అది ఇసవేనంట, సుక్కేత్తే మందంట. ఇయాల దానికే ఎల్తన్నాను."

ఆ నాలుగు ముక్కలు చెప్పడానికి ఆయనకు రెండు స్టాపులు పట్టింది. కండక్టర్ చీటీ మడిచి తిరిగి ఇచ్చాడు. నేనింకా నిలబడే ఉన్నాను. ఆయన కిటికీ వైపు జరిగి, నా సీటు అరచేత్తో తుడిచి, "కూకో బాబూ" అన్నాడు.

కూర్చున్నాను. క్షమించమని అడగాలని దారంతా అనుకుంటూనే ఉన్నాను. ఆ సిగ్గు ఇప్పటికీ పోలేదు.

గోపాలపట్నంలో దిగుతూ ఆయన నా భుజం తట్టి, "ఎల్లొత్తాను" అన్నాడు.

నాకు నోరు పెగల్లేదు.