కెపాసిటర్ పెట్టెకు బొట్టు

మొన్న ఆయుధపూజనాడు మనవడు నంద్యాలలో తన మిల్లుకు తీసుకుపోయి, కరెంటు బోర్డు మీద, లాగిన కరెంటులో పనికొచ్చేదెంతో చెప్పే మెరిసే అంకెను చూపించి, పవర్ ఫ్యాక్టర్ దానంతటదే సర్దుకుంటుంది తాతా అని మురిసిపోతూ, ఎవరినీ అడగకుండానే ఆ బోర్డుకు బొట్టు పెట్టేశాడు. నేను గబుక్కున వాడి చెయ్యి పట్టుకుని వేళ్లు చూశాను. ఎందుకో వాడికి తెలియదు. నా యీడు వాళ్లు మీకే చెప్పుకోవాలి.

ఆంధ్ర రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు ఇక్కడే ఒక వేరుశనగ నూనె మిల్లులో నేను కరెంటు పని చూసేవాణ్ణి. ఆ ఉద్యోగం ఇప్పించింది ఆళ్లగడ్డ నుంచి వచ్చి అక్కడ మేస్త్రీ అయిన మా మేనమామ. కాయలను పైకి మోసుకుపోయే బెల్టు ఆయన చేతి కింద నడిచేది. బెల్టు చిన్నది, మిల్లులో పడి ఉన్నదే కదా అని యజమాని దానికి బిగించిన మోటారు పెద్దది. రెండెద్దుల బండికి నాలుగెద్దులను కట్టినట్టు, చేసే పనికి మించి కరెంటు లాగేది, మిల్లులో దీపాలు గుడ్డిగా వెలిగేవి. బాగుచేయకపోతే కనెక్షన్ తీసేస్తామని కరెంటాఫీసు నుంచి కాగితం వచ్చింది. నేను పట్టుబట్టి మోటారు పక్కన కెపాసిటర్ పెట్టె పెట్టించాను. మోటారు లైన్లోంచి ఊరికే లాగే కరెంటును ఆ పెట్టే ఇవ్వడంతో దీపాలు తేటపడ్డాయి. మా అల్లుడు చేసినాడని మామ బజారంతా చెప్పుకున్నాడు.

అయితే స్విచ్చి ఆపినా ఆ పెట్టెలో కరెంటు నిలిచి ఉంటుంది. కర్రపిడి ఉన్న రాగితీగతో పెట్టె లోపలి రెండు కొనలు కలిపి ఖాళీ చేశాకే ముట్టుకోవాలి. ఆ సంగతి మిల్లులో నాకొక్కడికే తెలుసు, ఇంకొకరికి చెప్పాలని తోచలేదు, చదువుకున్నానన్న పొగరు కాబోలు. ఆయుధపూజనాడు మెయిన్ ఆపి, తుడవడానికి పెట్టె మూత తీసి, ఎవరో గుమ్మడికాయ కొట్టడానికి పిలిస్తే తీగ సంగతి మరిచి అటు పోయాను. ఇటు మామ తడి పసుపు చేత్తో పెట్టెకు బొట్టు పెట్టబోయాడు.

ప్రాణం దక్కింది గాని, కుడిచేతి రెండు వేళ్లు కాలి వంగిపోయి మళ్లీ చాపడానికి రాలేదు. యజమాని నా మీదికి రాగానే మామ అడ్డం వచ్చి, "వాడు చెప్పినాడు సామీ, నేనే ఇనుకోల్యా" అన్నాడు. నేను పోయి పెట్టె మూత బిగించాను.

ఆ తర్వాత ప్రతి ఏటా ఆయన పసుపు గిన్నె పట్టుకుని పెట్టె ముందు నిలబడి, "ముట్టుకుందునా అల్లుడా?" అని అడిగేవాడు. అందులో ఎత్తిపొడుపు లేదు, అదే నన్ను కోసేది. నేను తీగ తాకించి ఊ అన్నాకే ఆ వంగిన వేళ్లతో బొట్టు పెట్టేవాడు.

ఇప్పటి పెట్టెలు వాటంతట అవే ఖాళీ అవుతాయని మనవడు చెబుతున్నాడు. మంచిదే, ఎవరూ ఎవరినీ అడగనక్కరలేదు. మామ పోయిన తర్వాత, ఆయన చెయ్యి అలా అయింది నావల్లనేనని అత్తకు చెబుదామని రెండుసార్లు ఆళ్లగడ్డకు పోయి, ఆమె ఇచ్చిన మజ్జిగ తాగి, చెప్పకుండానే బస్సెక్కాను. ఇప్పుడు చెబుదామన్నా ఆమె లేదు.