మేడం తొడకి సూది

మా మెడికల్ విద్యార్థులకి నేనంటే హడల్. ఆ పొద్దున వార్డులో వాళ్ళని నిలబెట్టి ఒకటే ప్రశ్న అడిగాను. "మందు పడక పేషెంటుకి ఒళ్ళంతా దద్దుర్లు లేచాయి, గొంతు వాస్తోంది, బీపీ పడిపోతోంది. మొదట ఏం చేస్తారు?" అందరిదీ ఒకే పాట. అలర్జీ సూది, ఆ తర్వాత స్టిరాయిడ్. "మరి అడ్రినలిన్ ఏమైందిరా నాయనా?" అన్నాను. అది గుండె ఆగిపోయాక ఇచ్చేదట! హౌస్ సర్జన్ కుర్రాడు కూడా అవునన్నట్టు తలూపాడు. నాకు ఒళ్ళు మండిపోయింది.

"పాడె మీదకి ఎక్కించాక ఇస్తారా? మొదటి మందు అదే. తొడ బయటివైపు కండలో, బట్ట మీంచైనా సరే పొడిచెయ్యండి. మిగతావన్నీ తర్వాత!" అని అరిచి, ఒక్కొక్కరి చేతా అదే మాట చెప్పించి గాని వదల్లేదు.

మధ్యాహ్నం డ్యూటీ రూములో నా డబ్బా నేను విప్పుకున్నాను. మిగతా డాక్టర్లంతా కలిసి తింటారు. నన్ను పిలవరు. పిలిస్తే వెళ్తానని వాళ్ళకి తెలీదు, నేనూ చెప్పలేదు. ఈ హిందీ ఊళ్ళోనే, గోల్‌మురిలో కంపెనీ క్వార్టర్స్‌లో పుట్టి పెరిగినదాన్ని. అమ్మ పోయాక సాక్చిలో ఫ్లాట్ తీసుకున్నాను. అక్కడ తెలుగు మాట్లాడాలంటే గోడలతోనే. కూరల బండి దగ్గర బేరం కావాలనే సాగదీస్తాను, ఆ కాసేపైనా ఎదుటి మనిషి గొంతు వినబడుతుందని. వాడు నన్ను పరమ పీనాసి అనుకుంటాడు.

తిన్నాక మోకాలి నొప్పికి మాత్ర వేసుకున్నాను. ఎన్నోసార్లు మింగిన మాత్రే. కాసేపటికి అరచేతులు దురద పెట్టాయి. తర్వాత నాలుక మందమైంది, పొట్టలో మెలిపెట్టింది. ఓహో, ఇదా, అనుకున్నాను. డాక్టరుకి తనకేమవుతోందో తెలియడమంత దిక్కుమాలిన సంగతి మరోటి లేదు. గోడ పట్టుకుని కారిడార్‌లోకి వచ్చి, అక్కడే కూలబడ్డాను.

"మేడం! మేడం!" అంటూ అందరూ పరిగెత్తుకొచ్చారు. ఒకడు కుర్చీ తెచ్చాడు, ఒకత్తి ఫైలుతో విసరడం మొదలెట్టింది. "మేడంని నేలమీద ఎలా ఉంచుతాం, ఏసీ కేబిన్‌లోకి నడిపించుకెళ్దాం," అన్నాడు హౌస్ సర్జన్. బీపీ పడిపోతున్న మనిషిని లేపి నిలబెడితే గుండె అక్కడే ఆగిపోవచ్చు. ఆ మాట చెబుదామంటే నాలుక తిరగలేదు. ఇంకెవరో మా విభాగం పెద్ద సర్‌కి ఫోన్ చేస్తున్నారు. ఈలోగా చేతి నరంలోకి అలర్జీ సూది ఎక్కించేశారు. స్టిరాయిడ్ సీసా మూత పీకుతున్నారు.

వాళ్ళకి జవాబు తెలుసు! పొద్దున నా ఎదుటే ఒప్పజెప్పారు. కానీ పొద్దున అడిగింది ఎవరో పేషెంటు గురించి. ఇక్కడ పడి ఉన్నది మేడం. మేడం చీర మీద చెయ్యి ఎవరు వేస్తారు? పెద్దావిడ తొడలో సూది పొడవాలంటే పెద్ద సర్ నోటితో చెప్పాలి. మర్యాద! నిలువెత్తు మర్యాద చేసి నన్ను చంపేస్తున్నారు.

చెయ్యెత్తి నా తొడ మీద నేనే కొట్టుకున్నాను. "మేడంకి కాలు తిమ్మిరెక్కినట్టుంది," అంటూ ఒకడు నా పాదం నొక్కడం మొదలెట్టాడు. ఖర్మ! నవ్వొచ్చేదే, ఊపిరుంటే. నాకు చాలా భయమేసింది. చుట్టూ అన్ని తెల్లకోట్లున్నాయి, ఒక్కరూ నా దగ్గర లేరు. అమ్మ పోయిన రోజున కూడా నేను అంత ఒంటరిగా లేను.

అప్పుడు వాళ్ళని తోసుకుంటూ, పొద్దున నా పాఠం విన్న విద్యార్థుల్లోనే ఒక పిల్ల వచ్చింది. మా తెలుగువాళ్ళ అమ్మాయే. తండ్రి గమ్హరియాలో కాంట్రాక్టు పనికి వెళ్తాడు. నేను తెలుగులో అడిగితే హిందీలో బదులిచ్చేది. అందుకని ఎన్నిసార్లో కసురుకున్నాను.

"లిటావో! పైర్ ఊపర్ కరో!" అని గట్టిగా అరిచి, నన్ను అక్కడే నేలమీద పడుకోబెట్టించింది, కాళ్ళు ఎత్తించింది. సిరంజిలోకి అడ్రినలిన్ లాగింది.

"సర్‌ని రానీ!" అన్నాడు హౌస్ సర్జన్.

"సర్ ఆనే తక్ మేడం నహీఁ బచేంగీ!" అంది. సర్ వచ్చేదాకా మేడం బతకదని నా చెవిన పడేలాగే అనేసి, చీర మీంచే తొడలోకి దింపేసింది.

గుండె దడదడలాడింది, చేతులు వణికాయి. కాసేపటికి కాస్త ఊపిరి లోపలికి జారింది. తర్వాత ఇంకాస్త. ఆ పిల్ల చెయ్యి నా చేతిలో ఉంది. నేనే పట్టుకున్నానో, తనే ఇచ్చిందో తెలీదు.

సాయంత్రానికి బీపీ కుదుటపడింది. వార్డులో మంచం మీద లేచి కూర్చుని, ఇంటికి వెళ్తానన్నాను.

"మీ ఇష్టం మేడం, కారు పిలుస్తాను," అన్నాడు హౌస్ సర్జన్, చేతులు కట్టుకుని.

ఆ పిల్ల మాత్రం మంచం పక్కనుంచి కదల్లేదు. "తగ్గినట్టే తగ్గి మళ్ళీ వత్తది మేడం. ఇంటికాడ ఎవులున్నారు?" అని అడిగింది. తెలుగులో. అచ్చం మా అమ్మ యాసలో.

పనిమనిషి ఉందనో, పక్క ఫ్లాటువాళ్ళున్నారనో అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. ఆ పిల్ల నా మొహంలోకే చూస్తోంది.

"ఎవరూ లేరు," అన్నాను. ఆ మాట ఒక మనిషితో పైకి అనడం అదే మొదటిసారి.

"మరైతే పంపం మేడం."

సరైన జవాబు. వంక పెట్టడానికి ఒక్క మాట లేదు. నేను గోడవైపు తిరిగి పడుకుని, దుప్పటి మొహం మీదికి లాక్కుని, వెక్కి వెక్కి ఏడ్చాను.