అందరికీ ఒకే పలక

ఇన్నేళ్లుగా ఒక మాట మోస్తున్నాను. అన్నది నేనే. ఎవరికీ చెప్పలేదు, ఇంట్లో కూడా. మీకు చెబుతున్నాను.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం రోజులు. మహబూబాబాద్‌లో, అంటే మా మానుకోటలో, ఒక ప్రైవేటు శిక్షణ సంస్థలో కంప్యూటర్ పని నాది. ఇక్కడే కాక జనగామలోనూ భూపాలపల్లిలోనూ వాళ్లకు కాలేజీలుండేవి. పిల్లలు ఏ కోర్సు, ఏ ఊరు అన్నది ఒక పేజీలో ఎంచుకుని, తర్వాతి పేజీలో ఖాయం చేయాలి. ఆ ప్రోగ్రామ్ రాసింది నేనే. రెండు పేజీల మధ్య ఆ ఎంపికను సర్వర్ గుర్తుంచుకోవాలి కదా. ఎవరికి వాళ్లకు పలకలాంటిది ఒకటి ఇచ్చి, పనయ్యాక తీసేయాలి. నేను మాత్రం సర్వర్ నడిచినంత కాలం బతికుండే ఆబ్జెక్ట్, అంటే ఎంపికను రాసిపెట్టుకునే చోటు, ఒకటే పెట్టాను. అందరికీ ఒకే పలక. ఒక్కణ్ణే కూర్చుని పరీక్షిస్తే బ్రహ్మాండంగా పనిచేసింది. నా తెలివికి నేనే మురిసిపోయాను.

కిటికీ అవతల రిలే దీక్షల టెంటు. రోజూ కొత్తవాళ్లు దండలేసుకుని కూర్చునేవారు, సాయంత్రం నిమ్మరసం తాగి లేచేవారు. టెంటు అదే, మనుషులు వేరు. అది చూస్తూ కూడా, మనిషికో దండ ఉన్నట్టే మనిషికో పలక ఉండాలని నాకెందుకు తట్టలేదు? ఇప్పటికీ కలలో ఆ టెంటు గుడ్డ మెల్లగా ఊగుతుంది. ఎవరు ఎప్పుడు లేచారో తెలియదు. అందరి మెడలోనూ ఒకే దండ ఉంటుంది.

వరస బంద్‌ల తర్వాత ఆఫీసు తెరిచిన రోజు పిల్లలంతా ఒక్కసారే వచ్చారు. కురవి దగ్గరి తండా అమ్మాయి ఒకామె నర్సింగ్, మానుకోట అని ఎంచుకుంది. ఖాయం చేసేలోపు పక్క కంప్యూటర్‌లో ఇంకెవరో ల్యాబ్ కోర్సు, భూపాలపల్లి అని నొక్కారు. పలక మీద ఈమె రాత చెరిగి ఆ రాత పడింది. ఈమె పేరు మీద అదే ఖాయమైంది.

వారం తర్వాత సీటు కాగితం పట్టుకుని వచ్చింది.

“అన్నా, నేను నర్సింగే నొక్కిన. మానుకోటనే నొక్కిన. జర చూడుండ్రి.”

చూశాను. సర్వర్ చిట్టాలో రెండు రిక్వెస్టులు, ఒకదాని వెంటే ఒకటి. తప్పు నా ప్రోగ్రామ్‌దేనని అర్థమైపోయింది.

“కంప్యూటర్ తప్పు చెయ్యదు చెల్లె. నువ్వే తప్పు నొక్కినవ్. తండాల కంప్యూటర్ యాడ చూసినవ్?”

“గట్లనా అన్నా... గంత దూరం మా నాయిన పంపడు.”

కాగితం నాలుగు మడతలు పెట్టుకుని వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నమే ప్రోగ్రామ్ సరిచేశాను. పది నిమిషాల పని. తప్పు నాదని పైవాళ్లకు చెబితే ఆమె సీటూ మారేది. ఎందుకు చెప్పలేదు? నౌకరీ పోతుందనా? మా సొంతూరు దంతాలపల్లిలో మా ఇంటివాళ్ల మాటకు ఎదురు చెప్పేవాళ్లు లేరు, ఆ అలవాటా? ఇంకెందరి రాతలు అలా మారాయో కూడా నేను వెతకలేదు. సిగ్గులేకుండా టెంటులోకి పోయి మైకు పట్టుకున్నాను. మన యాసను ఎగతాళి చేస్తారు, మనకు తెలివి లేదంటారు అని ఆవేశపడ్డాను. చప్పట్లు కొట్టారు. అదే మాట ఆ పూటే ఆ పిల్లతో నేను అని వచ్చానని వాళ్లకేం తెలుసు.

రాష్ట్రం వచ్చింది. ఆ సర్వర్ తుక్కుకు పోయింది. ఒకసారి కురవి దారిలో, మిరపకాయలు ఏరబోయే కూలీల ఆటోలో ఆమెను చూశాను. నన్ను గుర్తుపట్టి నవ్వింది, తప్పు తనదేననుకుని కాస్త సిగ్గుపడుతూ. ఆ నవ్వును భరించలేకపోతున్నాను.

క్షమించమని అడగను. ఆమె ఇది చదవదనీ తెలుసు. అయినా ఆ రోజు అనాల్సిన మాట ఒక్కసారైనా రాస్తే ఊపిరాడుతుందేమో.

చెల్లె, నువ్వు సరిగ్గనే నొక్కినవ్.