ఖాసింబీ అవ్వ చేయించిన విల్లు

ఉదయగిరి బస్టాండులో మొన్న ఒకామె గోనెసంచి ఎత్తి నా సీటు పక్కన, ఇంజను మూత దగ్గర పెట్టింది. సంచి నిండా చెక్క గరిటెలు, స్పూన్లు. నెల్లూరుకు పోయే సరుకు. మూతి సరిగా కట్టకపోవడంతో అప్పుడే గీకిన చెక్క వాసన గుప్పున తగిలింది. కాస్త తీపి, కాస్త వగరు. స్టీరింగు మీద చేతులు పెట్టుకొని ఆ వాసన పీలుస్తూ ఊరికే కూర్చుండిపోయాను. కండక్టరు రెండుసార్లు విజిలు వేశాక గానీ బండి కదల్లేదు. ఆ వాసన వస్తే నాకు ఖాసింబీ అవ్వ గుర్తొస్తుంది. ఆమెతో పాటు, ఈ చేతులు నా మాట వినకుండా పోయిన రోజులు గుర్తొస్తాయి. అవి గడిచిపోయాయి కాబట్టి ఇప్పుడు నిబ్బరంగా చెప్పుకోగలుగుతున్నాను.

నేను బస్సు డ్రైవరును. పన్నెండేళ్లు ఏ గొడవా లేకుండా నడిపాక, ఒక వాన రోజున వింజమూరు దాటిన తర్వాత మలుపులో, ఎదురుగా వస్తున్న మోటారుసైకిలు జారి నా బస్సు ముందు పడింది. బ్రేకు మీద నిలబడ్డాను. బస్సు ఆగింది, కానీ ఆలోపే బంపరు తగిలి ఆ మనిషి కాలు విరిగింది. ప్రాణం దక్కింది. విచారణలో నా తప్పేమీ లేదన్నారు. వారం తర్వాత డ్యూటీకి పోయి ఇంజను స్టార్టు చేయగానే నా రెండు చేతులూ వణకడం మొదలుపెట్టాయి. ఆపుకుందామంటే ఆగవు. డిపోలో సెలవు పెట్టించి పంపించారు. నెల్లూరులో డాక్టరు అన్ని పరీక్షలూ చేసి నరాల్లో లోపమేమీ లేదని చెప్పి, చేతులకు ఏదైనా పని కల్పించుకోమన్నాడు. ఇంట్లో కాఫీ గ్లాసు కూడా సగం వరకే పోసి ఇచ్చేది నా భార్య సుజాత. నిండుగా పోస్తే ఒలికిపోతుందని ఆమె చెప్పలేదు, నేను అడగలేదు.

ఖాసింబీ అవ్వ మా వీధి చివర ఉండేది. డెబ్బై దాటిన మనిషి. ఉదయగిరిలో చాలా ఇళ్లలోలాగే ఆమె ఇంట్లోనూ చెక్క గరిటెలు చేయడమే బతుకుదెరువు. ఒకరోజు సుజాత గరిటె తెమ్మంటే వెళ్ళాను. గరిటె అందుకుంటుంటే నా చేతిలో అది అల్లల్లాడింది. ఊళ్ళో అందరూ చూసీ చూడనట్టు తల తిప్పుకునేవారు. ఆమె అలా తిప్పుకోలేదు.

"ఏంది నాయనా, చేతులట్టా ఒణకతన్నాయి?"

డాక్టరు చెప్పిన మాట చెప్పి, నాకు కూడా గరిటెలు చేయడం నేర్పమని అడిగాను. ఆమె నా రెండు అరచేతులూ పట్టుకొని, కూరగాయలు ఏరినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది.

"ఈ చేతికి చిన్న కత్తి ఇస్తే గరిటె తయారుగాదు, వేలు తెగతాది. రెండు చేతులూ పట్టుకోని లాగే పని కావాల నీకు" అంది. వసారా చూరు కింద వేలాడుతున్న ఒక పాత విల్లు వైపు తల ఎత్తి చూసింది. "మా నాయన చేసిందది. కొండ కింద చేలల్లో పందుల్ని తోలేదానికి చేయించుకునేటోళ్లు. నేను పక్కన కూచోని గీకేదాన్ని. నలభై ఏళ్లకు పైనే అయింది. నా చేతికి గుర్తుండాదో లేదో చూద్దాం. రేపు పొద్దున్నే రా."

ఆమె అటక మీద తడ కర్రలు రెండు ఉండేవి. బండి పనులకు వాడే కర్ర అది, వంచితే వంగుతుంది, అంత తొందరగా విరగదు. వాళ్ల నాయన దాచినవి, ఏళ్ల తరబడి ఆరినవి. ఉండేది రెండే, చూసుకోమని ఒకటి నా ముందు పడేసింది. రెండు వైపులా పిడి ఉన్న కత్తి ఇచ్చింది. కర్రను కాళ్ల మధ్య బిగించి, కత్తిని రెండు చేతులతో పట్టుకొని గుండెల వైపు లాగాలి. బెరడు తీసిన వైపు మాత్రం గీత కూడా పడకూడదు.

"ఆ పక్క ముట్టుకోబాక. ఆ పొర తెగిందంటే విల్లు అయిపోయినట్టే. లోపలికి వంగే కడుపు పక్కనే గీకు."

మొదటి రోజు కత్తి నా చేతుల్లో ఎగిరెగిరి పడింది. ఒక్కోసారి చెక్క లోపలికి దిగబడి ఇరుక్కునేది. అవ్వ పక్కన గరిటెలు చెక్కుకుంటూనే ఉండేది, తల ఎత్తకుండానే చప్పుడును బట్టి చెప్పేది, "బలం తగ్గించు. చెక్కతో కొట్లాటా నీకు?" అని. పది రోజులకు చెక్క పొరలు పొడుగ్గా, పల్చగా, చుట్టలు చుట్టుకొని రాలడం మొదలైంది. వణుకు పోలేదు. కానీ కత్తి లాగుతున్నంతసేపూ దాని సంగతి మర్చిపోయేవాణ్ణి. మధ్యాహ్నం ఇంటికి వస్తే బట్టల్లోంచి పొట్టు రాలుతోందని సుజాత విసుక్కునేది. ఆ విసుగులో సంతోషం ఉండేది.

కర్ర విల్లు ఆకారానికి వచ్చాక అసలు పని మొదలైంది. గోడకు కొట్టిన మేకుల మీద దాన్ని అడ్డంగా పెట్టి, రెండు కొనలకూ తాడు కట్టి, ఆ తాడును మధ్యలో పట్టుకొని కొంచెం కొంచెంగా కిందికి లాగాలి. ఒకరు లాగుతుంటే ఇంకొకరు దూరంగా నిలబడి ఆ వంపు చూడాలి. రెండు వైపులూ ఒకేలా వంగాలి.

"బాగా వంగేకాడ గీకబాక" అంది అవ్వ. "అది ఇప్పటికే బరువంతా మోస్తా ఉండాది. యాడ వంగడంలేదో చూడు. పని అక్కడ ఉండాది నీకు."

నాకు తొందర. ఒకరోజు ఆమె లోపల వంట చేస్తుండగా, ఇంకాస్త గీకితే అయిపోతుందిలే అనుకొని గీకేసి, ఒక్కణ్ణే తాడు పట్టుకొని గట్టిగా లాగాను. ఫెళ్ళుమని విరిగింది. వింజమూరు మలుపులో విన్న చప్పుడు కూడా అలాగే ఉండింది. నేను అక్కడే కూలబడి రెండు చేతులతో చెవులు మూసుకున్నాను. అవ్వ బయటికి వచ్చి చూసి, లోపలికి పోయి పొయ్యి ఆర్పి వచ్చింది. నా ఎదురుగా కూర్చుంది. ఓదార్చలేదు, తిట్టలేదు. రెండు ముక్కలూ తీసి నా ముందు పెట్టింది.

"యాడ విరిగిందో చూడు."

"నాకు చూడబుద్ధి కావడంలే అవ్వా."

"చూడకపోతే రెండోది గూడా ఆడనే విరగతాది. ఉండేది ఇంకొకటే."

చూశాను. పిడికి జానెడు కింద, ముందే బాగా వంగుతున్న చోట, నేను మళ్లీ మళ్లీ గీకి పల్చన చేసేశాను. చూశాక అంత భయంగా లేదు. అది ఒక విరిగిన కర్ర, అంతే. ఎందుకు విరిగిందో తెలిసిపోయింది. అప్పుడు అవ్వ మెల్లగా అడిగింది, "ఆ మోటారుసైకిలాయన్ని పోయి చూసినావా?"

చూడలేదన్నాను. తిడతాడేమో, వాళ్లింట్లో ఆడవాళ్లు శాపాలు పెడతారేమో, ఆ కాలు చూడాల్సి వస్తుందేమో అని, ఆ వైపు పోవడమే మానేశాను. ఎవరికీ చెప్పని మాట ఆమెకు చెప్పేశాను.

"మా నాయన చేసిన విల్లు ఒకటి విరిగి ఒకాయనకు కంటికి తగిలింది" అంది అవ్వ. "మూడు నెలలు నాయన ఆయన ఇంటి ముందర నడవలా. చుట్టు తిరిగి పొయ్యేటోడు. కత్తి పట్టలా. కడాకు ఒకరోజు పోయినాడు."

"ఆయన ఏమన్నాడంట?"

"నాకేం తెలుసు? నాయన చెప్పలా. ఆ రోజు మాత్రం కడుపు నిండా అన్నం తిన్నాడు. మర్రోజు పనిలో కూచున్నాడు. చూరు కింద ఉండేది ఆ తర్వాత చేసిందే."

రెండు రోజుల తర్వాత నేను బస్సెక్కి, ప్రయాణికుల సీట్లో కూర్చొని, మోటారుసైకిలాయన ఊరు జలదంకి వెళ్ళాను. ఆయన పేరు మాలకొండయ్య, దర్జీ. అడిగితే అంగడి చూపించారు. గుమ్మంలో నిలబడి, "నేనే, ఆ రోజు బస్సు డ్రైవర్ని" అన్నాను. ఆయన మిషను ఆపి, పక్కనున్న కర్ర అందుకొని లేవబోయాడు.

"నువ్వా! కూర్చో అన్నా, కూర్చో. నీకోసం ఎంతమందిని అడిగినానో" అన్నాడు. "డ్యూటీకి రావడంలేదని బస్టాండులో చెప్పినారు. నా మూలంగా నీ ఉద్యోగం పోయిందేమోనని నాకు ఒకటే దిగులు. అరిగిపోయిన టైరు ఏసుకోని వానలో స్పీడుగా వచ్చింది నేను. నువ్వు ఆ బ్రేకు తొక్కకపోతే ఈ మిషను మీద ఇంకొకడు కూర్చోనుండేవాడు."

నేను ఏడ్చాను. సిగ్గుపడలేదు. లోపల్నించి వాళ్లావిడ టీ తెచ్చింది, శాపాలు కాదు. మిషనుకు మోటారు పెట్టించుకున్నానని, తొక్కే పని తప్పిందని నవ్వుతూ ఆయన నాకు చూపించాడు. ఆ కాలు కూడా చూశాను. కాస్త వంకరగా మానింది. తిరుగు ప్రయాణంలో కిటికీ పక్కన కూర్చొని, వింజమూరు మలుపు వచ్చినప్పుడు కళ్లు మూసుకోకుండా చూశాను.

రెండో విల్లుకు ఇంకో రెండు నెలలు పట్టింది. చివరి పని గాజు పెంకుతో, కాగితమంత పల్చటి పొరలు తీయడం. చేయి పెద్దగా వణకడం లేదని ఎప్పుడు గమనించానో చెప్పలేను. ఒకరోజు సుజాత గ్లాసు నిండా కాఫీ పోసి ఇచ్చింది, నేను తాగేశాను, ఇద్దరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. విల్లుకు నారి కట్టిన రోజున నాకు మళ్లీ భయం పట్టుకుంది. పూర్తిగా లాగితే విరిగి మొహానికి తగలొచ్చు. అవ్వను దూరంగా నిలబడమన్నాను.

"నేనెందుకు పోతా? నీ పక్కనే గదా కూచోని చూసినా" అని నా భుజం దగ్గరే నిలబడింది.

లాగాను. రెండు వైపులూ చక్కగా, ఒకేలా వంగాయి. బాణం వదిలితే ఎదురుగా పెట్టిన గడ్డిమోపును వదిలేసి పక్కింటి వాళ్ల దడిలో గుచ్చుకుంది. అవతల్నించి ఎవరో "ఏందిరా అది!" అని కేకేశారు. అవ్వ పమిట నోటికి అడ్డం పెట్టుకొని, కళ్లలో నీళ్లొచ్చేదాకా నవ్వింది. అంత నవ్వు ఆమె దగ్గర ఉందని నాకు అప్పటివరకూ తెలియదు.

మళ్లీ డ్యూటీ ఎక్కిన మొదటి రోజు ఉదయగిరి నుంచి ఆత్మకూరు ట్రిప్పు. బస్సు కదిలేముందు అవ్వ వచ్చి సరిగ్గా నా వెనక సీట్లో కూర్చుంది. చేతిలో సంచీ లేదు, ఏమీ లేదు.

"ఏంది అవ్వా, ఆత్మకూరులో ఏం పని?"

"ఉండాదిలే. నువ్వు ముందుకు చూసి నడుపు."

ఆత్మకూరులో దిగి, బస్టాండులోనే టీ తాగి, అదే బస్సులో నా వెనకే కూర్చొని తిరిగి వచ్చేసింది. ఉదయగిరిలో దిగేటప్పుడు నా భుజం మీద ఒకసారి తట్టింది.

అవ్వ పోయి రెండేళ్లయింది. నిద్రలోనే పోయింది, ముందురోజు వరకూ పని చేసుకుంటూనే ఉంది. ఆమె నాకు విల్లు చేయడం నేర్పింది గానీ, నేను ఆ తర్వాత ఇంకో విల్లు చేయలేదు. నా దగ్గర మిగిలింది వేరే. పోయిన నెల చేజర్ల దగ్గర ఇరుకు రోడ్డులో ఒక తోపుడుబండికి నా బస్సు అంచు తగిలి పండ్లన్నీ దొర్లిపోయాయి. బండి వెనక ఉన్న ఆమె కనిపించలేదు. నా చేతులు వణకడం మొదలైంది. కండక్టరు నువ్వు ఉండన్నా, నేను చూసొస్తానన్నాడు. వద్దని చెప్పి, ఇంజను ఆపి, వణుకుతున్న చేతులతోనే తలుపు తీసుకొని దిగి, ఆ బండి వైపు నడిచాను.

"దెబ్బేమన్నా తగిలిందా అమ్మా?"

రోడ్డు పక్కన వంగి పండ్లు ఏరుకుంటున్న ఆమె తలెత్తి, "లేదన్నా" అంది. నేనూ పక్కన కూర్చొని ఏరడం మొదలుపెట్టాను.