గెడ్డ మధ్యలో పదివేల ఒకటి

మా లెక్కల మేడమ్ పోయారు. మొన్న పొద్దున్న నర్సీపట్నంలో కూరగాయలు కొంటుంటే, నాతో చదువుకున్న స్నేహితురాలు ఫోన్ చేసి చెప్పింది. నిద్రలోనే గుండె ఆగిపోయిందట. ఏడుపుకన్నా ముందు నాకు భయమే వేసింది, ఇక ఆవిడ లేరని. సంచి పట్టుకుని చాలాసేపు ఓ షట్టరు పక్కన నిలబడిపోయాను.

నాతవరం వైపు మా హైస్కూల్లో ఆవిడ పాఠాలు చెప్పేవారు. సుద్దముక్కలు కొంగుచివర ముడేసుకునేవారు. బస్సు నంబరు ఏ సంఖ్యకి తెగుతుందో, అంటే శేషం లేకుండా భాగమవుతుందో, చూడకుండా బస్సెక్కేవారు కాదు. "పెద్ద సంఖ్యని చూసి భయపడకండి, దాన్ని కన్నవి చిన్న సంఖ్యలే" అనేవారు.

ఆవిడ గురించి మీకు ఒక్క సంగతి చెప్పాలి. నేను తొమ్మిదో తరగతి. ఇద్దరు స్నేహితురాళ్ళనీ నన్నూ నర్సీపట్నంలో లెక్కల పోటీకి తీసుకెళ్ళి, మధ్యాహ్నం ఆటోలో వెనక్కి తెస్తున్నారు. ఒకటే వాన. దారిలో గెడ్డ, అంటే మా వైపు వాగు, రోడ్డు మీదికి పొంగింది. ముందొక లారీ దాటిందని మా డ్రైవరూ నీళ్ళలోకి దించాడు. సగంలో ఇంజను ఆగిపోయింది.

"ఎవులూ దిగొద్దమ్మా! కాలెడితే లాగీసుకుపోద్ది!" అని అరిచి, ట్రాక్టరు పంపమని ఫోన్లో ఎవరినో బతిమాలసాగాడు.

ఎర్రనీళ్ళు మా పాదాల మీదికొచ్చాయి. ఆటో ఒక్కసారి పక్కకి జరిగింది. నేను అమ్మా అని కేకలు పెడుతున్నానని నాకే తెలియలేదు.

"పదివేల ఒకటి!" అన్నారు మేడమ్. "దేనికి తెగుద్దో బేగి సెప్పండి. తలెత్తితే ఊరుకోను."

బడిలో పుస్తకం భాష తప్ప మాట్లాడని మనిషి. ఆ యాస వినగానే నాకింకా భయమేసింది. అయినా పరీక్ష అట్టలు ఒళ్ళో పెట్టుకుని మొదలుపెట్టాం. మూడుతో భాగిస్తే రెండు మిగిలింది. ఏడుతో ఐదు. పదకొండుతో మళ్ళీ రెండు. నీళ్ళు మడమలు దాటాయి.

"తెగట్లేదు మేడమ్, ప్రధాన సంఖ్యేనేమో" అన్నాను ఏడుస్తూ.

"వందని వందతో గుణిస్తే పదివేలు. వంద దాకా వెతక్కుండా ఎలా సెప్తావు? కానీ!"

పదమూడు, పదిహేడు, పంతొమ్మిది... యాభైల్లో ఉండగా ట్రాక్టరు వచ్చింది. తాడు కట్టి ఒడ్డుకు లాగారు.

దిగాక అడిగాను, "మీకు భయమెయ్యలేదా మేడమ్?"

"ఎయ్యకేటి? నాకు ఈత రాదే. నా మొగం సూస్తే మీరింకా జడుసుకుంటారని కిందకి సూడమన్నాను. బేగి తెగిపోయే సంఖ్య ఇస్తే మళ్ళీ తలెత్తీస్తారు కదా."

ఇంకా అట్ట వదలని ఒక స్నేహితురాలు వెనకనుంచి అరిచింది, "మేడమ్, డెబ్బైమూడు! నూటముప్పైఏడు సార్లు!"

మేడమ్ రోడ్డంచున బురదలోనే కూలబడ్డారు. రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. దగ్గరికి వెళ్ళే ధైర్యం చాలక మేం ముగ్గురం వానలో అలాగే నిలబడ్డాం. ఆవిడ ఏడుస్తూనే ఉన్నారు.