రెండు చుక్కల ఆముదం

ఈ ఉదయం అత్తగారి మోకాళ్ళకు రాద్దామని ఆముదం సీసా మూత తీశాను. ఆ జిడ్డు వాసనకు చేయి ఆగిపోయింది. ఐరాల దగ్గరి చెరకు తోట, అక్కడి రెడ్డెప్పన్న కళ్ళముందు నిలిచారు. నేను ఆయన్ని చూసింది మూడంటే మూడు రోజులు.

అప్పుడు నా మెడలో గడ్డ. ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా తిరుపతిలో ఇంట్లోనే ఉంటే పిచ్చిదాన్నైపోతానని మావారు బలవంతంగా ఆ తోటలోని అతిథి గృహానికి తీసుకెళ్ళారు. తాతలనాటి మిద్దెలో గదులు, పక్కనే ఇప్పటికీ చెరకు ఆడించి బెల్లం వండే పాక. చోటు మారితే భయం మారుతుందా? నా వెంటే వచ్చి కూర్చుంది.

బెల్లం వండే పెద్దాయన రెడ్డెప్పన్న. పొయ్యి దగ్గరికి వచ్చినవాళ్ళకు వేడి బెల్లం పెట్టకుండా పంపరాదని అక్కడి ఆనవాయితీ. ఊరికే తినడం దేనికని ఆయన ప్రతివాళ్ళకూ ఏదో ఒక పని చెప్పేవాడు. నాకు ఆముదం గిన్నె ఇచ్చాడు.

"పొంగు పైకొస్తే రెండు సుక్కలు ఎయ్యిమ్మా. అణిగిపోతాది."

నా చూపేమో ఫోన్ మీద. తలెత్తేసరికి చెరకు రసం కాగే పెద్ద పెనం అంచు దాటుతోంది నురుగు. కంగారులో గిన్నె మొత్తం వంచేశాను. పొంగైతే అణిగింది గానీ పెనమంతా ఆముదం కంపు. పొద్దుటినుంచి పాకలోవాళ్ళు పడ్డ కష్టం మట్టిపాలు చేశాను. సిగ్గుతో ఏడుపొచ్చింది. ఆయన కాస్త రుచి చూసి ముఖం చిట్లించాడు.

"ఇది తిన్నోళ్ళకి కడుపు శుభ్రమైతాదిలే," అని నవ్వి, "యాడ పెట్నావమ్మా మనసు?" అన్నాడు.

అంతా చెప్పాను. ఏం కాదులే అంటాడనుకున్నాను, అందరూ అదే అంటున్నారు కదా. ఆయన అనలేదు.

"భయం ఉంటాది. ఉండనీ. రేపు మళ్ళా రా, గిన్నె నీకే ఇస్తా."

మర్నాడు పెనం పొంగుతుండగానే ఫోన్ మోగింది. ఆసుపత్రి నంబరు. ఆయన నావైపు చూశాడే గాని గిన్నె అందుకోలేదు. ముందు రెండు చుక్కలు వేశాను. నురుగు దిగింది. అప్పుడు ఫోన్ ఎత్తాను. గడ్డ మంచిది కాదట, ఆపరేషన్ చేయాలట.

విషయం ఆయనకు చెప్పాను. పెనం దించాక వేడి బెల్లం ఒక ముద్ద చేసి, ఊది, నా అరచేతిలో పెట్టాడు.

"తినుమ్మా. నువ్వు వండిన బెల్లమే."

తియ్యగా ఉంది. అలాంటి కబురు విన్న నోటికి కూడా తీపి తెలిసింది.

ఆపరేషన్ జరిగి ఆరేళ్ళు. రెడ్డెప్పన్న పోయాడని ఆమధ్య విన్నాను. నాకు ఏటా పరీక్షలు తప్పవు. ఈసారి రిపోర్టు రేపొస్తుంది. పొద్దుటినుంచి ఎన్నిసార్లు మెడ తడుముకున్నానో లెక్కలేదు.

"ఏమ్మే, రెండు సుక్కలేనా? ఆముదానికి కూడా కరువొచ్చిందా?" అని అత్తగారు మోకాలు చాపి విసుక్కుంటున్నారు.

భయంగానే ఉంది. సీసా మాత్రం ఒలికిపోకుండా పట్టుకున్నాను.